చిట్టెలుక తిన్న పుట్టగొడుగుల కూర

ఆకలితో అల్లాడుతున్న అడవిలో తొలకరికి పుట్టగొడుగులు మొలిచాయి. మంచివో విషమో ఎవరికీ తెలియదు.

"తెల్లగా ఉన్నాయి, మంచివే," అంది కొంగ.

"నువ్వూ తెల్లగానే ఉన్నావు కదా కొంగ మామా, నీ మంచితనం చేపల్నడగాలి," అంది ఉడుత.

"పసుపేసి వండుదాం. రంగు మారితే విషం," అంది నక్క.

వండితే కూర పచ్చబడింది. అది పసుపు రంగో, విషం రంగో తేలలేదు.

"అడవిలో అందరం సమానమే! అందుకే ముందు తినే గౌరవం చిట్టెలుకది," అంది నక్క.

"చిట్టెలుక త్యాగం వర్ధిల్లాలి!" అని అన్నీ అరిచాయి.

చిట్టెలుక కడుపునిండా తిని, అక్కడే వాలిపోయి గురక పెట్టింది.

"అదిగో, ప్రాణం పోతున్న చప్పుడు!" అంటూ మిగిలిన కూరంతా పారబోసి, ఆకలితోనే పారిపోయాయి.

కడుపు నిండిన ఎలుక ఎలా నిద్రపోతుందో ఆ అడవిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.