అల్సా

“అల్సా...” కంప్యూటర్ మీదకి వంగి గొణిగాడు కన్నారావు.

“ఎవరికిరా అలుసు?” కస్సుమంది తల్లి ఎరుకమ్మ.

“రుకో, ఆగమ్మా! మన కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌లో సౌండ్ సిస్టమ్‌ని అల్సా అంటారు. దాని డ్రైవర్ ఎక్కిస్తన్నాను. పిన్ని మాట వినబడతాది.”

తెర మీద భీమిలి నుంచి చెల్లెలు పైడమ్మ పెదాలు కదుపుతోంది. అండమాన్‌లోని ఈ జంగ్లీఘాట్ ఇంట్లో కంప్యూటర్ కొన్నప్పటినుంచీ ఇదే వరస: ఆమె ఏదో అనడం, ఒక్క ముక్కా వినబడకపోయినా ఎరుకమ్మ నవ్వి తలూపడం.

ఉన్నట్టుండి స్పీకర్ పలికింది.

“...షిప్ టికెట్ తీసేసాను అక్కా! ఇక్కడ ఒక్కర్తినీ ఉండలేను, నీ కాడికి వచ్చేయనా అంటే మొన్న తలూపేవు కదా!”

ఎరుకమ్మ బిత్తరపోయింది.

“బెల్లం కొట్టిన రాయిలాగ చూస్తావేటి? నేనంటే అంత అలుసా?”

కన్నారావు ఫక్కున నవ్వాడు. వచ్చేయమన్నట్టు ఎరుకమ్మ మళ్లీ తలూపింది. ఈసారి విన్నాకే ఊపింది.