కాపురం ఉంటానన్న ఇల్లు

అన్యాయం ఎవరికి జరిగింది? క్లీవ్‌లాండ్‌లో ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో అద్దెకున్న వృద్ధురాలు వెర్నా టిబ్స్‌కు. ఎలా జరిగింది? ఆ ఇల్లు కొన్న గ్రాంట్ హోల్కమ్ ఒకే అబద్ధాన్ని రెండుచోట్ల ఆడాడు. అద్దెకిచ్చే ఇంటికి తీసుకునే అప్పుకు వడ్డీ ఎక్కువ, ముందుగా పెట్టవలసిన సొమ్మూ ఎక్కువ. అందుకని "అందులో నేనే కాపురముంటాను" అని బ్యాంకులో ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. అదే మాట వెర్నాకూ చెప్పి, జనవరి మంచులో ఖాళీ చేయించాడు. ఆవిడ తన పాత కారులో తలదాచుకుని, అందులోనే కన్నుమూసింది.

గ్రాంట్ ఆ ఇంట్లో ఒక్క పూటైనా ఉండలేదు. రెట్టింపు అద్దెకు దిగినవారు మాత్రం, వంటగదిలో ఎవరో తిరుగుతున్నారంటూ ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయారు.

ఈరోజు బ్యాంకు మనిషి తనిఖీకి వస్తోంది. అబద్ధం బయటపడితే అప్పంతా ఒక్కసారే కట్టాలి; పైగా జైలు. గ్రాంట్ ఒక కొత్త టూత్‌బ్రష్షు, ఒక జత కొత్త చెప్పులు సంచిలో వేసుకుని పరుగున వచ్చాడు. చెప్పులు హాలులో విడిచి, బ్రష్షును స్నానాలగదిలో పెట్టేసరికి ఎవరో లోపలికి వచ్చిన అలికిడైంది.

"హలో సార్, నేను డెనిస్‌ని, బ్యాంకు నుంచి. ఒకసారి ఇల్లు చూసి వెళ్ళిపోతాను."

"చూడండి మేడమ్, తప్పకుండా! మా ఆవిడకూ నాకూ పడటం లేదు. జనవరి నుంచీ ఇక్కడే ఒంటరిగా పడి ఉంటున్నాను."

డెనిస్ అల్మారా తెరిచింది. నిండా గ్రాంట్ కొలతల చొక్కాలు. అతడు తెచ్చినవి కావు. భార్య లోరీ ముందే వచ్చి సర్దిందనుకుని లోలోపల మురిసిపోయాడు. మంచంమీద దిండు, తల ఆనిన చోట గుంటపడి ఉంది. స్నానాలగదిలో, ఇందాక పెట్టిన కొత్త బ్రష్షు అరిగిపోయి ఉంది. అతడి మురిపెం అక్కడితో ఆగింది.

"అనుమానమే లేదు సార్, మీరిక్కడే ఉంటున్నారని రాసేస్తాను. తలుపు తీసిన పెద్దావిడ కూడా అదే చెప్పింది."

"ఏ పెద్దావిడ?"

"భలేవారే! మీకోసం చిక్కుళ్ళ సూపు కాస్తోందిగా. జనవరి నుంచీ మీరు గడప దాటలేదట. అదృష్టవంతులు సార్, మా ఇంట్లో నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు!"

డెనిస్ నవ్వుతూ వెళ్ళిపోయింది. గ్రాంట్ పొద్దున తాను బయలుదేరి వచ్చిన ఇంటికే, భార్యకు ఫోన్ చేశాడు.

"లోరీ, నన్ను తీసుకుపో, త్వరగా రా!"

"ఎంత ధైర్యం నీకు! జనవరిలో పెట్టె సర్దుకుని అక్కడికి పోయినవాడివి, ఇప్పుడు గుర్తొచ్చానా?" ఫోన్ పెట్టేసింది.

గ్రాంట్ వీధి తలుపు లాగాడు. తెరుచుకుంది. గడపకు అవతల అదే హాలు, అరిగిపోయిన అవే చెప్పులు, అదే సూపు వాసన. మూసి, మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే హాలు.

వంటగదిలో పొయ్యి ఆరిన చప్పుడైంది. వెర్నా టిబ్స్ కోటు తొడుక్కుని, పెట్టె చేతపట్టుకుని అతడి పక్కనుంచే నడిచింది. అదే తలుపు ఆవిడకు వీధిలోకి తెరుచుకుంది.

"సూపు చల్లారకముందే తిను నాయనా," అంటూ ఆవిడ బయటినుంచి తాళం తిప్పింది. "నేను ఖాళీ చేశాను. అన్నట్టే ఇక నువ్వు కాపురముండు, నీ బాకీ తీరిపోయింది."