రెండు షిఫ్టుల పుంటికూర

లాక్‌డౌన్ మొదటి పొద్దున నేను చెంబు పట్టుకుని సూరత్ గోడాదరాలోని మా గది బయటికి వచ్చేసరికి, రాజేశం అప్పటికే నా పుంటికూర డబ్బాలో నీళ్ళు పోస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

"నువ్వు మర్శిపోతున్నవనుకొని, డ్యూటీ దిగొచ్చి రోజూ నేనే పోస్తున్న అన్నా."

"డ్యూటీకి పొయ్యేముందు రోజూ నేను పోస్తున్న గదరా!"

మూడుసార్లు విత్తాను. మూడుసార్లూ మొలకలు కుళ్ళిపోయాయి. సూరత్ మట్టి మన కూరకు పడదని కార్ఖానాలో అందరికీ ఉపన్యాసాలిచ్చాను.

నాది పగటి షిఫ్టు, అతనిది రాత్రి షిఫ్టు. ఇద్దరికీ ఒకటే పరుపు. నేను లేచి వెళ్తే అతను వచ్చి పడుకుంటాడు. మేలుకుని ఇద్దరం ఒక్కచోట నిలబడింది ఆ రోజే.

"గింజలు ఇంక ఉన్నయా?"

"ఉన్నయ్. ఊరినుంచి మా ఇంటామె పంపింది. ఈసారి నీళ్ళకు వంతులేసుకుందాం," అన్నాను, పెద్ద రైతులా.

రాజేశం చెంబు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"నాలుగేండ్ల సంది ఒక్క పరుపు మీదనే పండుకుంటున్నం. నీకు పెండ్లయిందా అన్నా?"

"అయింది," అన్నాను. సిగ్గు చంపుకుని అడిగాను.

"మరి నీకు?"