నాగులు వేయని అడుగులు

"ఏంటి నాన్నా, ఈ రాత్రప్పుడు అంతలా నడుస్తున్నావు?" బాపట్ల నుంచి కూతురు ఇందు ఫోను.

రేపల్లె అవతల సముద్రపు పాయలో, కొత్త వలలకు కాపలాగా నాగులు తన పడవలో ఒంటరిగా కూర్చుని రెండు గంటలైంది. కాలు కదిపింది లేదు.

"నేనెక్కడ నడిచానే? పడవలోనే ఉన్నాగా!"

షుగరుకు నడక మంచిదని తెనాలి డాక్టరు చెప్పాక, అడుగులు లెక్కపెట్టే యాప్ అతని ఫోన్‌లో పెట్టింది ఆ పిల్లే. లెక్క తన ఫోన్‌లోనూ కనిపిస్తుంది.

"దాన్ని నిన్ననే మూసేశానమ్మా."

"మూసేసినా లోపల్లోపల పనిచేస్తూనే ఉంటుంది నాన్నా. ఇదిగో, రెండొందల పది... పదకొండు. పడవ ఊగుతోందేమో! ఆ ఊపునే అడుగులనుకుంటుందిలే."

"అంతేనంటావా?" నాగులు మనసు తేలికపడింది. ఫోన్ చెవిన పెట్టుకునే, నీళ్ళ ఊపు చూద్దామని పడవ అంచు మీదుగా టార్చి వేశాడు.

కింద బురద. చీకటి పడకముందే ఆటుకు పాయలో నీరు వెనక్కి తీసేసింది. ఎవరికి తెలియకపోయినా తనకు తెలియాల్సిన సంగతే. మళ్ళీ నీరొచ్చేదాకా పదిమంది నెట్టినా ఈ పడవ కదలదు.

"పన్నెండు... పదమూడు..." ఇందు చదువుతూనే ఉంది.

ఆమె అంకె చెప్పినప్పుడల్లా, పడవ వెనక భాగంలో చెక్క కిర్రుమంటోంది. ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా. వెనక్కి చూద్దామంటే మెడ తిరగలేదు.

"హమ్మయ్య," అంది ఇందు. "ఇప్పటికి ఆగావు నాన్నా."