బాలయేసు పరుపు

"నీ ఆవు బాలయేసు పరుపు మేసిపోయింది బయమ్మా!" అంటూ సిస్టర్ ఫిలోమినా బడి గేటు దగ్గరే అడ్డుకుంది.

తెల్లవారితే క్రిస్మస్. వరండాలో నిన్న సాయంత్రం పిల్లలు కట్టిన పశువుల పాకలో, రాత్రికి బాలయేసును పడుకోబెట్టాల్సిన చోట ఉత్త సిమెంటే మిగిలింది. లారీలో కోస్తా నుంచి తెప్పించిన వరిగడ్డి ఒక్క పోచ కూడా లేదు. మట్టిగొర్రెలు బోర్లా పడ్డాయి. పైన వేలాడదీసిన బంగారుకాగితం నక్షత్రమూ లేదు. పక్కనే ఇంత పేడ. వానమొహం చూడని ఏడు, ఆవుకైనా ఆశ పుట్టదా మరి?

బయమ్మ భుజాన ఆవును కట్టే పలుపు వేలాడుతోంది. పొద్దున్నే కాన్వెంటుకు పాలు పితికి పెట్టే వాచ్‌మన్ అంజినప్ప దాన్ని చూపించాడు. "చూడండి సిస్టర్, ఆవును ఎతుక్కుంటా పలుపుతోనే వచ్చినాది!"

"ఏమప్పా, నువ్వు కండ్లారా చూస్తివా?" అంది బయమ్మ.

"చూడాల్నా? మొన్న ఆవుకు పిడికెడు గడ్డి అడిగేకి వచ్చింది నువ్వే గదా? సిస్టర్ ఇయ్యలేదని ఆవునే తోలినావు!"

"మాటలొద్దు," అంది సిస్టర్. "పిల్లలందరి ముందు మోకాళ్ల మీద నిలబడి దేవుణ్ని క్షమాపణ అడుగు. లేకపోతే సాయంత్రం నాటకంలో నీ మనవరాలికి మరియమ్మ వేషం లేదు."

హాస్టల్లో ఉండే సుష్మ అప్పటికే నీలం దుప్పటి కప్పుకుని తయారైంది. పరుగెత్తుకొచ్చి అవ్వ కొంగు పట్టుకుంది. "అవ్వా, ఒక్కతూరి వంగవే."

బయమ్మ వంగలేదు సరికదా, నడుము ఇంకా నిటారుగా చేసింది.

"మీ సామి కొట్టంలో పుట్టినాడని ఈ పిల్ల సెలవులకొస్తే ఇల్లంతా పాడతాది. ఆ కొట్టంలో గొడ్లు గడ్డి తినకుండా జపం చేసినాయా? ఆకలైంది, మేసినాది. దానికి నేను మోకాళ్లు వంచేది లేదు సిస్టరమ్మా!"

"పశువుకేం తెలుసు? కట్టేసుకోలేని యజమానిదే తప్పు. మోకాళ్లు వంచాల్సిందే!"

"ఎవురి ఆవైనా?"

"ఎవరిదైనా!"

"ఎంత పెద్దోళ్లదైనా?"

"దేవుడి ముందు పెద్దోళ్లేమిటి? అందరూ ఒకటే!"

అంజినప్ప మెల్లగా రెండడుగులు వెనక్కి జరిగాడు.

"అట్ల చెప్పు," అంటూ బయమ్మ పలుపు తీసి గుప్పిట్లో బిగించింది. "ఆవును అమ్మినా పలుపు ఇయ్యరు తల్లీ మా తట్టు. నిన్న పొద్దున్నే సంతకు తోలుకపోయి అమ్మేస్తి. ఇప్పుడే బస్సు దిగి, మీ ఎనక గోడెంబడి నడిచి వస్తాండా."

సిస్టర్ వెనక గోడ వైపు తిరిగి చూసింది.

"ఇంక మోకాళ్లు వంచు సిస్టరమ్మా. ఆడ మీ కాన్వెంటు ఆవు, కొమ్ముకు నక్షత్రం తగిలించుకోని, పండుకోని నెమరేస్తాంది."