నడుం వంచని మనిషి

తాళాలు చేతిలోంచి జారి గుమ్మం ముందు పడ్డాయి.

టైలరమ్మ వాటివైపే చూస్తూ నిలబడిపోయింది. నిన్ననే ఆమె నడుముకి ఆపరేషనయింది. ఇవాళ ఇంటికి పంపేశారు. భర్త కింద ట్యాక్సీలోంచి సామాన్లు దించుతున్నాడు.

వంగాలా? వద్దా?

డాక్టరు చెప్పినవన్నీ తలలో కలగాపులగంగా తిరుగుతున్నాయి. "చొక్కా కాజా అంత కోతేనమ్మా, భయం లేదు" అన్నాడు. ఆ నోటితోనే ఆరు వారాలు వంగొద్దన్నాడు, బరువెత్తొద్దన్నాడు. లేచి నడవమన్నాడు. ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు. కూర్చోకుండా కుట్టుమిషను ఎలా తొక్కాలో మాత్రం చెప్పలేదు. డిస్కు మళ్ళీ జారితే ఈసారి పెద్ద ఆపరేషనేనన్నాడు. అదే జరిగితే ఇక దుకాణం తలుపులు తెరవక్కర్లేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

నెల కిందట అద్దెకు దిగిన ఆవిడ. యాభై దాటి ఉంటాయి. ఎప్పుడు చూసినా గుంజ పాతినట్టు నిటారుగా ఉంటుంది. పలకరిస్తే మెడ తిప్పదు, ఒళ్ళంతా తిప్పి చూస్తుంది.

"ఏమండీ, కాస్త ఆ తాళాలు..."

ఆవిడ తాళాల వంక చూసింది. టైలరమ్మ వంక చూసింది.

"నువ్వు వంగకు. అలాగే ఉండు. వాచ్‌మన్‌ని పిలుస్తా."

"వాచ్‌మనెందుకండీ? మీ కాళ్ళ దగ్గరేగా ఉన్నాయి!"

ఆవిడ ఫోను చెవిన పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

వాచ్‌మన్ రొప్పుతూ పైకొచ్చి తీసిచ్చాడు. "దీనికా అమ్మా, అర్జెంటుగా రమ్మన్నారు!"

భర్త సంగతంతా విని నవ్వాడు.

"ఒళ్ళు వంచని మహారాణి అన్నమాట."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆవిడ పేరు మహారాణి.

మర్నాడు భర్త అయిదింటికే బస్సు డ్యూటీకి వెళ్ళిపోయాడు. పాలప్యాకెట్టు రోజూ గుమ్మం ముందు నేల మీద ఉంటుంది. ఎలా తీయాలా అనుకుంటూనే టైలరమ్మ తలుపు తీసింది.

నేల మీద లేదు.

తలుపు పిడికి ఒక గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో ఉంది ప్యాకెట్టు.

సంచీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరు కుట్టారో గానీ కుట్టంతా వంకరటింకర.

సాయంత్రం భర్తనడిగింది.

"పాలాయనకి నువ్వేమన్నా చెప్పావా?"

"నేనా? ఆయన మొహమే తెలీదు నాకు."

"మరి ఈ సంచీ ఎవరిది?"

"ఆసుపత్రి వాళ్ళదేమో."

"ఆహా! మందులతో పాటు పాలు కూడా పోస్తారా వాళ్ళు?"

ఖాళీ సంచీ మళ్ళీ పిడికే తగిలించింది. పొద్దున్న అందులో ప్యాకెట్టుంది. ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే.

ఎంత ఆలోచించినా అంతు చిక్కక, చివరికి వాచ్‌మనే అయ్యుంటాడని తేల్చుకుంది. అతని చొక్కా అడిగి తీసుకుని, నిలబడే గుండీలు కుట్టిచ్చింది.

"నువ్వు చేసే మేలు మర్చిపోనయ్యా."

ఏ మేలో తెలియక వాచ్‌మన్ బుర్ర గోక్కుంటూ వెళ్ళాడు.

"చూశావా, ఎంత మొహమాటమో!" అంది భర్తతో.

ఒకరోజు తెల్లారుతుండగా మెలకువ వచ్చి, తలుపుకున్న బుల్లి అద్దంలోంచి బయటికి చూసింది. ఎదురు గుమ్మంలో మహారాణి నిటారుగా నిలబడి ఉంది.

"ఎవరింటికెవరొస్తున్నారో చూడ్డానికి కాబోలు, పొద్దున్నే కాపలా!" అంది సాయంత్రం భర్తతో.

"దర్బారు తీరిందేమోలే," అన్నాడు భర్త.

అయిదో వారం గడిచేసరికి మహారాణి ఇల్లు ఖాళీ చేసింది. ఇద్దరు మనుషులు సామాన్లు మోస్తుంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. జారి పడిన చెంచా కూడా వాళ్ళచేతే తీయించింది.

లిఫ్టెక్కి, ఒళ్ళంతా ఇటు తిప్పింది.

"నడుం ఎలా ఉంది?"

"బాగానే ఉందండి. వచ్చే వారం దుకాణం తీస్తా."

"తొందరపడకు. ఇంకో వారం వంగకు."

టైలరమ్మకు ఒళ్ళు మండింది.

"మీరు చెప్పాలటండీ? వంగకుండా బతకడం మిమ్మల్ని చూసే నేర్చుకోవాలి."

మహారాణి మొదటిసారి నవ్వింది.

"నేర్చుకో. తేలికేం కాదు."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

మర్నాడు సంచీ ఖాళీగా వేలాడుతోంది. ప్యాకెట్టు నేల మీద ఉంది.

పాలాయన ఇంకా పక్కింటి ముందే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇవాళ కింద పెట్టేశావేం? సంచీ కనబళ్ళేదా?"

"నేనెప్పుడూ సంచీలో వెయ్యలేదు కదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ సంచీలో వేసిందెవరు?"

పాలాయన ఎదురింటి తలుపుకున్న తాళం వంక చూశాడు.

"ఆ అమ్మే. నేనొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉండేది. మీ ప్యాకెట్టు నేల మీద పెట్టనిచ్చేది కాదు, నా చేతిలోంచే అందుకునేది."

"నేల మీద నుంచి తీసుకోడానికేం?"

"ఎలా తీస్తుందమ్మా, వెన్నులో కడ్డీలు బిగించారంట, ఆవిడ నడుం వంగి పదకొండేళ్ళయిందంట."