స్టేషన్ కాడ బేరం

పీరా సాబ్ బండి తోలితే గుర్రం కంటే అతని నోరే ముందు పరుగెత్తుతుంది.

ఆదోనికి ఆటోలు ఇంకా రాని రోజులు. ఊరు చూడాలని రైలు దిగినవాళ్లెవరైనా పీరా సాబ్ జట్కానే అడిగేవాళ్లు. జామియా మసీదు, కోట, రణమండల కొండ, పత్తి మార్కెట్టు, అన్నీ తిప్పి, రాయి రాయికీ ఒక కథ చెప్పి, సాయంత్రానికి మళ్లీ స్టేషన్లో దించేవాడు. అది అతని పని. పెండ్లాం నసీబ్‌బీకి ఆ సంగతి తెలియక కాదు.

కానీ పక్కింటి జైనాబ్ బీ ఊరుకుంటేనా?

“మొన్న శుక్రారం సూసినానే. మీ ఆయన బండిలో ఎవతో బురఖా ఆమె. ఈయన ఏందో చెప్తాండాడు, ఆమె కిలకిలా నవ్వుతాండాది. నాకెందుకులే అనుకుంటి. మనసు పట్టక చెప్తాండా.”

మనసు పట్టలేదంట! నిప్పు పెట్టేసి ఆమె హాయిగా రొట్టెలు కాల్చుకుంది. నసీబ్‌బీకి మాత్రం మూడు రోజులు ముద్ద దిగలేదు.

పదకొండేళ్ల కాపురం. ఎన్నడన్నా తనను బండెక్కించి ఒక్క రాయి చూపించాడా ఈ మనిషి? కోట ఇంటి ముందరికే కనబడుతుంది. ఒక్కసారి ఎక్కింది లేదు. అడిగితే, “ఉండే ఊరే గదా, యాడికి పోతాది?” అంటాడు. పరాయి ఆడవాళ్లకైతే పొద్దంతా తిప్పి చూపించడానికి తీరిక ఉంటుంది.

తేల్చుకోవాల్సిందే అనుకుంది. నిజమైతే పిల్లలిద్దర్నీ తీసుకొని సాయంత్రం బస్సుకు హొళగుందకు, పుట్టింటికి. మళ్లీ ఈ గడప తొక్కేది లేదు.

నాలుగో రోజు పొద్దున, ఎప్పటిలాగే మొయినుద్దీన్ సేటు ఇంటికి బట్టలుతికే పనికి పోయింది. ఉతకాల్సిన మూట అట్లే చంకన పెట్టుకొని వెనక వాకిలి గుండా బయటపడింది. స్టేషన్ దారి పట్టింది.

పది గంటలకు జట్కాల దగ్గరికి బురఖా ఆమె వచ్చింది. కాళ్లదాకా నలుపు. మొగం మీద జాలీ ముసుగు.

“ఊరు సూడల్లనా బీబీ?” అని అడిగాడు పుల్లన్న, పక్క బండి అతను.

ఆమె మాట్లాడలేదు. పీరా సాబ్ బండి వైపు వేలు చూపింది.

“నీకేనంట పో అన్నా! నీ మొగంలో ఏముందో గానీ, అందరికీ నువ్వే కావల్ల.”

ఆ మాట నసీబ్‌బీ చెవిన పడింది. ఓహో, అందరికీనా!

పీరా సాబ్ గుర్రం బిజిలీ చెడ్డ కోపిష్టిది. కొత్తవాళ్లు పక్కన నిలబడితే కరుస్తుంది. అట్లాంటిది మెడ చాపి, ఆ బురఖాలో మూతి పెట్టి ముద్దుగా రాసుకుంది. నసీబ్‌బీ గుండె గుభేలుమంది. రోజూ దానికి ఉలవలు నానబెట్టి పెట్టేది తనాయె!

పీరా సాబ్ గుర్రం వంక చూశాడు. బురఖా వంక చూశాడు. మీసం దువ్వుకున్నాడు. గడ్డి మీద ఉతికిన దుప్పటి తీసి పరిచాడు.

“కూసో బీబీ. ఈ పొద్దు నీకు సూపిచ్చినట్టు ఆదోనిని ఎవరికీ సూపిచ్చింటే ఒట్టు.”

బండి ఎక్కడికి పోతే నసీబ్‌బీ అక్కడికే. ఒక్క మాట వదల్లేదు.

మసీదు ముందర ఆపి, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన సంగతంతా చెప్పాడు. బజారులో ఆపి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకొచ్చాడు. ఆమె జాలీ ఎత్తి తినేదాకా అవతలికి తిరిగి నిలబడ్డాడు, మహా మర్యాదస్తుడు! పోనీ అంటే, మూర మల్లెపూలు కూడా తెచ్చి దుప్పటి మీద పెట్టాడు. బేరానికి పూలేంది? ఇంట్లో పెండ్లానికి పూలు తెచ్చి ఎన్నేండ్లయింది? నసీబ్‌బీకి నోరూ మండింది, కడుపూ మండింది.

కోట మెట్ల కాడ భుజం మీది తువ్వాల తీసి ఒక కొస అందించాడు.

“పట్టుకో బీబీ. రాళ్లు నున్నగుంటాయి. నీకేమన్నా అయితే నా బతుకేం గావల్ల?”

అల్లా! ఎంత మాట! పైకి చేరేసరికి ఆయాసంతో, ఉక్రోషంతో నసీబ్‌బీకి ఊపిరాడలేదు.

పీరా సాబ్ మాత్రం తీరిగ్గా కిందికి చెయ్యి చూపాడు.

“అదో, మిల్లు పొగగొట్టం కనబడతాందా? దాని పక్క రేకుల ఇల్లు మాది. ఆడ నా పెండ్లాం ఉంటాది. బంగారం అట్లా మనిషే. కానీ నోరిప్పిందంటే మిల్లు సైరను సిన్నబోతాది.” పకపకా నవ్వాడు. “నీ మాదిరి పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడని ఆడమనిషి ఇంట్లో ఉంటే, అబ్బ, మొగోనికి అదే జన్నత్ బీబీ!”

అయిపోయింది. ఇంక తేల్చుకునేదేముంది? పరాయిదాని ముందర కట్టుకున్నదాన్ని ఎగతాళి చేస్తాడా? నసీబ్‌బీ కండ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తుడుచుకునే వీలు కూడా లేకపోయింది. హొళగుంద బస్సు నాలుగున్నరకు. పిల్లల గుడ్డలు ఏ పెట్టెలో ఉన్నాయో గుర్తు చేసుకుంది.

కొండ దిగినాక బండి స్టేషన్ వైపు పోవాలి. పోలేదు. మిల్లు గోడ పక్క సందులోకి తిరిగింది.

అది నసీబ్‌బీ ఉండే సందు! పెండ్లాం పనికి పోయిన వేళ చూసుకొని బురఖా ఆమెను ఏకంగా ఇంటికే తోలుకొస్తాడా? సిగ్గూ శరం లేదా? జైనాబ్ బీ అయితే గడపలో నిలబడి నోరు తెరిచి చూస్తోంది.

రేకుల ఇంటి ముందర బండి ఆగింది. పీరా సాబ్ కిందికి దూకి, బండి వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు.

“ఇల్లొచ్చింది, ఇంగ ఆ సేటు ఇంటి బురఖా తీసి దిగు నసీబూ.”